మన సంఘం – మన కట్టుబాట్లు

ప్రొద్దుటూరులో మగ్గం నేసే ఇళ్లు ఉన్నాయి. జమ్మలమడుగు పక్క నల్లరేగడి నేలల్లో బుడ్డశనగ పండుతుంది. పులివెందుల పక్క శనక్కాయ, చీనీ, అరటి పండుతాయి. ఊర్లు వేరు. పనులు వేరు. అయినా మూడు తావుల్లోనూ ఒక పని ఒకే తీరుగా జరుగుతుంది. పది పన్నెండు మంది ఆడవాళ్లు ఒక చోట చేరతారు. చాప పరుచుకుని కూర్చుంటారు. పొదుపు కడతారు. అప్పు అడుగుతారు. పుస్తకంలో రాస్తారు. అదే పొదుపు సంఘం. చాలామంది దాన్ని ఇప్పటికీ డ్వాక్రా గ్రూపు అనే పిలుస్తారు.

అక్కలారా! చెల్లెళ్లారా! పొదుపు ఎలా కట్టాలో మీకు తెలుసు. అప్పు ఎలా తీర్చాలో తెలుసు. ఈ పాఠంలో ఇంకో సంగతి నేర్చుకుందాం. సంఘంలో సభ్యురాలు ఎవరు? ఎవరు చేరవచ్చు? చేరినామెను ఎవరైనా తీసేయవచ్చా? ఆమె తనంతట తాను విడిచిపోతే ఆమె డబ్బు ఏమవుతుంది? వీటికి జవాబు ముందే రాసుకోవాలి. తగువు వచ్చిన రోజు రాసుకుందామంటే కుదరదు. ఆ రోజు ఎవరికి అనుకూలమైన మాట వారు చెబుతారు.

సంఘాలు ఎలా వచ్చాయి?

సంఘం పెట్టుకోవడం మన హక్కు. భారత రాజ్యాంగం 19వ అధికరణంలో ఆ మాట ఉంది. దానికి ఎవరినీ బతిమాలే పని లేదు.

1982లో కేంద్ర ప్రభుత్వం డ్వాక్రా పథకం మొదలుపెట్టింది. పల్లెల్లోని పేద ఆడవాళ్లు గుంపుగా చేరి పని చేసుకోవాలని ఆ పథకం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. వాళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతున్నవాళ్లే. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తరువాత నెల్లూరు ఆడవాళ్లు రోజుకు ఒక రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. ఆ పద్ధతి జిల్లా జిల్లాకూ పాకింది. 1999లో డ్వాక్రా పథకం వేరే పథకంలో కలిసిపోయింది. పథకం పోయినా పేరు మాత్రం ఆడవాళ్ల నోట నిలిచిపోయింది.

బ్యాంకుల సంగతి కూడా తెలుసుకోవాలి. 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో కలపాలని ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. 1993లో రిజర్వు బ్యాంకు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. సంఘం రిజిస్టరు అయినా, కాకపోయినా, దాని పేరు మీద బ్యాంకులు పొదుపు ఖాతా తెరవవచ్చు. అందుకే ఏ సర్టిఫికెట్టూ లేని మన సంఘాలకు బ్యాంకులో ఖాతా ఉంది.

రిజిస్టరు అయిన సంఘం, కాని సంఘం

కొన్ని సంఘాలు ప్రభుత్వం దగ్గర రిజిస్టరు అవుతాయి. మన రాష్ట్రంలో 2001లో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. కనీసం ఏడుగురు చేరితే ఆ చట్టం కింద సొసైటీ పెట్టుకోవచ్చు. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. మండల సమాఖ్యలు ఎక్కువగా ఆ చట్టం కింద రిజిస్టరు అయినవే.

పదిమంది కూర్చునే చిన్న పొదుపు సంఘం మాత్రం మామూలుగా రిజిస్టరు కాదు. కావాలని ఎవరూ అడగరు. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. రిజిస్టరు అయిన సంఘానికి చట్టం ఒక మనిషికి ఇచ్చినట్టు గుర్తింపు ఇస్తుంది. రిజిస్టరు కాని సంఘానికి ఆ గుర్తింపు లేదు. సభ్యులే సంఘం. సంఘం డబ్బు సభ్యులందరి డబ్బు. సంఘం అప్పు సభ్యులందరి అప్పు.

రిజిస్టరు అయిన సంఘానికి నియమాల కాగితం ఆఫీసులో కూడా ఒకటి ఉంటుంది. మన సంఘానికి అట్లా ఏ ఆఫీసులోనూ ఉండదు. మన సంఘం ప్రాణమంతా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి, సభ్యులందరూ సంతకం చేసిన ఒప్పంద పత్రం. రెండు, తీర్మానాల పుస్తకం. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు, అప్పు తీసుకునేటప్పుడు పేర్లు, సంతకాలు, తీర్మానం అడిగేది అందుకే. ఆ పుస్తకంలో లేని మాట గాలిలో మాట.

గుడి కమిటీ అయినా, మహిళా మండలి అయినా, రిజిస్టరు కాని ఏ సంఘానికైనా ఇదే లెక్క.

ఎవరు చేరవచ్చు?

పొదుపు సంఘాలకు మామూలుగా ఈ పద్ధతులు ఉన్నాయి.

సభ్యురాలికి 18 ఏళ్లు నిండాలి. ఆమె ఆ ఊరిలో గాని, ఆ వీధిలో గాని ఉండాలి. ఒక ఇంటి నుంచి ఒక్కరే చేరాలి. ఒక మనిషి ఒక సంఘంలోనే ఉండాలి. సభ్యులు పది మందికి తగ్గకూడదు. ఇరవై దాటకూడదు.

ఇరవై ఎందుకు? 1956 నాటి కంపెనీల చట్టంలో ఒక మాట ఉండేది. లాభం కోసం ఇరవై మందికి మించి చేరి వ్యాపారం చేస్తే రిజిస్టరు చేయాలి అని. 2013లో కొత్త చట్టం వచ్చాక ఆ సంఖ్య పెరిగింది. అయినా సంఘాలకు ఇరవై అన్న పద్ధతి అలాగే ఉండిపోయింది. అదీ మంచిదే. ఇరవై మంది అయితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాట్లాడుకోవచ్చు.

ఒక ఇంటి నుంచి ఒక్కరే ఎందుకు? అత్త, కోడలు, తోడికోడలు ముగ్గురూ ఒకే సంఘంలో ఉంటే ఆ ఇంటి మాటే నెగ్గుతుంది. అప్పు కూడా ఆ ఇంటికే పోతుంది.

కొత్త సభ్యురాలు చేరాలంటే లీడరు ఒక్కతే సరే అంటే చాలదు. మీటింగులో అడగాలి. సభ్యులు ఒప్పుకోవాలి. తీర్మానం రాయాలి. ఆమెకు కట్టుబాట్లు చదివి వినిపించాలి. ఆమె సంతకం చేయాలి. పాత వాళ్లు నాలుగేళ్లుగా పొదుపు చేసి ఉంటే, కొత్తామె ఎంత కట్టి చేరాలో కూడా అప్పుడే తేల్చాలి.

కులం చూసి, మతం చూసి, భర్త లేదని చూసి వద్దనకూడదు. పొదుపు కడుతుందా? మాట మీద నిలుస్తుందా? అదే చూడాలి.

చేరినామెకు హక్కు ఏమిటి? బాధ్యత ఏమిటి?

సంఘాలకు ఐదు సూత్రాలు ఉన్నాయి. వాటినే పంచసూత్రాలు అంటారు. తప్పకుండా మీటింగు జరగాలి. తప్పకుండా పొదుపు కట్టాలి. సభ్యులకు అప్పులు ఇవ్వాలి. తీసుకున్న అప్పు వేళకు కట్టాలి. పుస్తకాలు సరిగా రాయాలి. ఇవి బాధ్యతలు.

బాధ్యతతో పాటు హక్కు కూడా ఉంటుంది. మీటింగులో మాట్లాడే హక్కు ఉంది. పుస్తకం అడిగి చూసే హక్కు ఉంది. అప్పు అడిగే హక్కు ఉంది. లీడరును ఎన్నుకునే హక్కు, లీడరుగా నిలబడే హక్కు ఉంది. ప్రతి సభ్యురాలికీ ఒక్కటే ఓటు. ఎక్కువ అప్పు తీసుకున్నామెకూ ఒక్కటే. చదువుకున్నామెకూ ఒక్కటే.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 1844లో ఇంగ్లండు దేశంలో రోచ్‌డేల్ అనే ఊరు ఉంది. అది బట్టలు నేసే ఊరు. అక్కడ 28 మంది కష్టజీవులు తలా ఒక పౌను వేసుకుని ఒక అంగడి తెరిచారు. పౌను అంటే వాళ్ల రూపాయి. వాళ్లలో నేతగాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు కొన్ని కట్టుబాట్లు రాసుకున్నారు. డబ్బును బట్టి ఓటు కాదు, మనిషికి ఒక ఓటు అన్నది అందులో ముఖ్యమైనది. ప్రపంచంలో సహకార సంఘాలన్నీ ఆ మాటనే పట్టుకున్నాయి. ప్రొద్దుటూరు మగ్గాల వీధిలో సంఘం కూర్చున్నా అదే మాట.

మీటింగుకు రాలేకపోతే?

ఇక్కడే తగువులు ఎక్కువ. జమ్మలమడుగు పక్క ఒక పల్లెలో పన్నెండు మంది సంఘం ఉందనుకుందాం. ఒక సభ్యురాలి బిడ్డకు జబ్బు చేసింది. ఆమె బిడ్డను తీసుకుని కడప ఆసుపత్రిలో నెల రోజులు ఉంది. మూడు మీటింగులు తప్పిపోయాయి. తిరిగి వచ్చి మీటింగుకు పోయింది. హాజరు పుస్తకం తెరిచింది. ఆమె కొత్తగా చదువు నేర్చుకున్న మనిషి. తన పేరు వెతికింది. పేరు మీద ఎర్ర సిరాతో గీత ఉంది.

"వదినా, నా పేరు మింద గీత ఎవరు కొట్టినారు?" అని లీడరును అడిగింది.

"మూడు మీటింగులకు నువ్వు రాకపోతివి కదమ్మా! అందుకే తీసేసినాము" అంది లీడరు.

"మూడు మీటింగులు రాకపోతే తీసేయల్లని యాడ రాసినారు? చూపించు వదినా. నేనే చదువుతా."

లీడరు పుస్తకం తిరగేసింది. ఆ మాట ఎక్కడా లేదు. "రాసింది లేదులే. అందరం అనుకున్న మాటే" అంది.

ఒక పెద్దామె కలగజేసుకుంది. "అనుకున్న మాట అయితే ఈ పాపకు చెప్పినారా? బిడ్డ ఆసుపత్రిలో ఉంటే మీటింగుకు ఎట్లొస్తాది? రేపు మన ఇండ్లల్లో జబ్బు చేస్తే మన పేర్ల మింద కూడా గీత కొడతారా?"

లీడరుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "పెద్దమ్మా, నా బాధ కూడా వినండి. ఈమె కట్టాల్సిన కంతు ఆగిపోయింది. బ్యాంకోళ్లు యాడికి వస్తారు? నా ఇంటికే వస్తారు. రెండు నెలలు నా చేతి దుడ్లు కట్టినా. నన్ను ఎవరైనా అడిగినారా?"

ఇందులో తప్పు ఎవరిది? సభ్యురాలు చెప్పినదీ నిజమే. లీడరు చెప్పినదీ నిజమే. కట్టుబాటు రాసుకోకపోవడమే తప్పు. రాసి ఉంటే ఆమె కబురు పంపేది. కంతు ఎవరు కట్టాలో తెలిసేది. లీడరు చేతి డబ్బు పోయేది కాదు. ఆమె పేరు మీద గీత పడేది కాదు.

ఆ మీటింగులోనే వాళ్లు మూడు మాటలు రాసుకున్నారు. ఒకటి, రాలేని సభ్యురాలు ముందుగా కబురు పంపాలి. పొదుపు, కంతు ఎవరి చేతనైనా పంపాలి. రెండు, జబ్బు, కాన్పు, చావు వంటివి వచ్చినప్పుడు జుల్మానా లేదు. మూడు, అటువంటప్పుడు కంతు ఆగితే సంఘం డబ్బులో నుంచి అప్పుగా కట్టాలి. లీడరు చేతి నుంచి కాదు. తరువాత అందరూ సంతకాలు చేశారు.

వలస సంగతి కూడా రాసుకోవాలి. కడప జిల్లా ఆడవాళ్లు కువైట్‌కు పనికి పోతుంటారు. రెండేళ్లు, మూడేళ్లు అక్కడే ఉంటారు. అటువంటి ఆమె సభ్యురాలిగా ఉంటుందా, లెక్క తేల్చుకుని పోతుందా? పోక ముందే అడిగి రాసుకోవాలి.

పేరు తీసేయాలంటే

ఒక్కోసారి సభ్యురాలిని తీసేయక తప్పదు. చేతిలో డబ్బు ఉండి కూడా కంతు కట్టదు. ఎన్నిసార్లు చెప్పినా మీటింగుకు రాదు. సంఘం డబ్బు వాడుకుంటుంది. అప్పుడు కూడా ఒక వరస ఉంది. ఆ వరస తప్పకూడదు.

మొదట, ఇద్దరు సభ్యులు ఆమె ఇంటికి పోయి మాట్లాడాలి. కారణం తెలుసుకోవాలి.

రెండోది, ఫలానా రోజు మీటింగులో నీ సంగతి మాట్లాడతామని కాగితం మీద రాసి ఇవ్వాలి. ఏ తప్పు గురించో అందులో రాయాలి.

మూడోది, మీటింగులో ఆమె మాట వినాలి. ఆమె వెనుక తీర్పు చెప్పకూడదు. మనం ఇంట్లో లేనప్పుడు మన గురించి తీర్పు చెబితే మనం ఒప్పుకుంటామా?

నాలుగోది, సభ్యులు తేల్చాలి. లీడరు ఒక్కతే తేల్చకూడదు. మూడు వంతుల్లో రెండు వంతుల మంది ఒప్పుకోవాలని రాసుకుంటే మంచిది. పన్నెండు మందిలో ఎనిమిది మంది అన్న మాట.

ఐదోది, తీర్మానం రాయాలి. కారణం రాయాలి. ఆమె లెక్క తేల్చాలి.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. బ్యాంకు అప్పు పత్రం మీద ఆమె సంతకం ఉంటే, పుస్తకంలో పేరు కొట్టేసినంత మాత్రాన ఆ బాధ్యత పోదు. ముందు ఆమె అప్పు సంగతి తేల్చాలి. బ్యాంకుకు కూడా తెలపాలి.

విడిచిపోయేటప్పుడు లెక్క

పులివెందుల పక్క ఊరి నుంచి ఒకామె కూతురి ఊరికి పోయి ఉండాలనుకుంది. సంఘం విడిచిపోతానని చెప్పింది. ఆమెకు ఎంత రావాలి? లెక్క వేద్దాం.

ఆమె నెలకు 100 రూపాయలు పొదుపు కట్టింది. 40 నెలలు కట్టింది.
100 × 40 = 4,000 రూపాయలు. ఇది ఆమె పొదుపు.

సంఘంలో 12 మంది. అప్పుల మీద వచ్చిన వడ్డీ 6,000 రూపాయలు మిగిలి ఉంది. అందరికీ సమానంగా పంచాలని వాళ్ల కట్టుబాటు.
6,000 ÷ 12 = 500 రూపాయలు. ఇది ఆమె వాటా.

4,000 + 500 = 4,500 రూపాయలు. ఇది మొత్తం.

ఆమె సంఘానికి ఇంకా 2,500 రూపాయలు బాకీ ఉంది.
4,500 – 2,500 = 2,000 రూపాయలు.

ఆమె చేతికి 2,000 రూపాయలు రావాలి. ఇచ్చినట్టు రాయాలి. ఆమె సంతకం తీసుకోవాలి.

వడ్డీలో వాటా ఇవ్వాలా, వద్దా? ఇస్తే సమానంగానా, పొదుపును బట్టా? ఇది ప్రతి సంఘం తనకు తాను తేల్చుకోవాలి. ఎట్లా తేల్చినా ముందే రాసుకోవాలి. సభ్యురాలు చనిపోతే ఆమె డబ్బు ఎవరికి ఇవ్వాలో కూడా బతికుండగానే ఆమె చేత రాయించుకోవాలి. అది కొడుకు పేరే కావాలని లేదు. కూతురి పేరు రాసినా ఆమె ఇష్టమే.

మన కట్టుబాట్ల కాగితం

కింద ఉన్న కాగితం చదవండి. ఖాళీలు మీ సంఘంలో మాట్లాడుకుని నింపండి.

1. మా సంఘం పేరు ____________. ఊరు ____________.
2. మా సంఘంలో సభ్యులు ____ మందికి మించరు.
3. కొత్త సభ్యురాలిని ____ మంది ఒప్పుకుంటేనే చేర్చుకుంటాము.
4. మీటింగు నెలకు ____ సార్లు. రోజు ________. వేళ ________.
5. పొదుపు నెలకు ____ రూపాయలు.
6. కబురు లేకుండా మీటింగుకు రాకపోతే జుల్మానా ____ రూపాయలు. జబ్బు, కాన్పు, చావు ఉంటే జుల్మానా లేదు.
7. లీడర్లను ____ ఏళ్లకు ఒకసారి మారుస్తాము.
8. సభ్యురాలిని తీసేసే ముందు ఆమె మాట వింటాము. ____ మంది ఒప్పుకోవాలి.
9. విడిచిపోయినామె లెక్క ____ రోజుల్లో తేలుస్తాము.
10. ఈ కట్టుబాట్లు మార్చాలంటే ముందు మీటింగులో చెప్పి, తరువాతి మీటింగులో తేలుస్తాము.

కాగితం చివర అందరూ సంతకాలు చేయండి. వేలిముద్ర వేసేవాళ్లకు పూర్తిగా చదివి వినిపించాకే వేయించండి. ఏడాదికి ఒకసారి మీటింగులో పైకి చదవండి. ప్రతిసారీ వేరే సభ్యురాలు చదవాలి. పల్లెలో అయితే గ్రామ సంఘంలో, పట్టణంలో అయితే మెప్మా వాళ్ల దగ్గర సాయం అడగవచ్చు. వాళ్లు రాసే తీరు చెబుతారు. ఏమి రాయాలో తేల్చేది మాత్రం మీరే.

కొత్త మాటలు

తీర్మానం – మీటింగులో అందరూ కలిసి తేల్చి పుస్తకంలో రాసిన మాట
కట్టుబాటు – అందరూ ఒప్పుకున్న నియమం
సభ్యత్వం – సంఘంలో చేరి ఉండడం
వాటా – పంచుకోగా వచ్చిన భాగం
జుల్మానా – తప్పుకు కట్టే డబ్బు

జవాబులు చెప్పండి

1. రిజిస్టరు కాని సంఘానికి ప్రాణం ఎక్కడ ఉంది?
2. ఒక ఇంటి నుంచి ఒక్కరే ఎందుకు చేరాలి?
3. సభ్యురాలిని తీసేయాలంటే ఏమేమి చేయాలి? వరసగా చెప్పండి.
4. ఒకామె నెలకు 50 రూపాయలు 30 నెలలు కట్టింది. వడ్డీ వాటా 300 రూపాయలు. బాకీ 800 రూపాయలు. ఆమెకు ఎంత రావాలి?

చేసి చూడండి

వచ్చే మీటింగులో తీర్మానాల పుస్తకం అడగండి. మొదటి పేజీ నుంచి చూడండి. మీ పేరు ఎక్కడ ఉందో వెతకండి. పేరు సరిగా రాశారా? మీ పొదుపు మీ పాసు పుస్తకంలో ఎంత ఉంది, సంఘం పుస్తకంలో ఎంత ఉంది? రెండూ ఒకటేనా? తేడా ఉంటే మీటింగులోనే అడగండి. అడగడం తగువు కాదు. అది మీ హక్కు.